దుప్పికి గది, సముద్రపు పిట్టకి మిద్దె

వన్యప్రాణుల డాక్టరుగా పనిచేశానని చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది పులి సంగతి. నా ఉద్యోగమంతా చెన్నైలోనే గడిచింది. ఈ ఊళ్లో నేను చూసిన పులులు గోడ క్యాలెండర్లలో ఉండేవి, ఆరోగ్యంగానే ఉండేవి. నా బల్ల మీదికి వచ్చినవి వేరు. మాంజా దారం కోసిన గద్దలు, పంపు గదిలో చుట్ట చుట్టుకున్న పాములు, కుక్కలు తరిమిన దుప్పులు, తుఫాను గాలి తెచ్చి పడేసిన సముద్రపు పిట్టలు. వీటిలో ఏ ఒక్కటీ నా వైపు కృతజ్ఞతగా చూడలేదు. చాలావరకు కరిచాయి. కృతజ్ఞత కావాలనుకునేవాళ్లకు పెంపుడు కుక్కల ఆసుపత్రులు ఉన్నాయి.

రిటైరయ్యాక కుర్ర డాక్టర్లు కొందరు, ఈ పనిలో చేరబోతూ, మా ఇంటికి వచ్చి సలహా అడిగారు. కాఫీ ఇచ్చి, ఏవో నాలుగు మంచి మాటలు చెప్పి పంపాను. వాళ్లు మెట్లు దిగాక, చెప్పవలసింది చెప్పలేదనిపించింది. నాకు ఏ పదవి ఎప్పుడు వచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అన్నవి ఇక్కడ రాయను. ఆ ఫైళ్లు ఇంకా అక్కడే ఆగి ఉన్నాయి, ఆసక్తి ఉన్నవాళ్లు వెళ్లి చూసుకోవచ్చు. ఒక దుప్పి గురించి, ఒక పక్షి గురించి రాస్తాను. రెండూ ఒకే తుఫాను తర్వాత, ఒకే రోజు మా రక్షణ కేంద్రానికి వచ్చాయి.

ఎక్కువ ఉన్నది, తక్కువ ఉన్నది

చుక్కల దుప్పి చెన్నైకి కొత్త కాదు. చెట్లున్న పెద్ద పెద్ద ఆవరణల్లో గుంపులుగా తిరుగుతుంది. గోడ దూకి పక్క కాలనీలోకి వస్తుంది, అరటి తొక్కలు తింటుంది, ప్లాస్టిక్ కవర్లూ తింటుంది, ఆరేసిన పంచెను కొమ్ములకు చుట్టుకుని పోతుంది. ఏడాదికో పిల్లను ఈనుతుంది. చూడటానికి అందంగా ఉంటుంది, దాని బతుకుతెరువులో సగం అదే. ఆ కళ్లు పెట్టుకుని ఎవరి పెరట్లో మందార మొక్క తిన్నా, ఇంటివాళ్లు ఫోటో తీసి బంధువులకు పంపుతారు.

రెండోది ఫ్రిగేట్ పక్షి. దీనికి తెలుగులో పేరు లేదు. మన పెద్దవాళ్లు దీన్ని చూసి ఉండరు, చూసినవాళ్లు పేరు పెట్టేంతసేపు అది ఆగి ఉండదు. ఇందులో ఒక జాతి ప్రపంచం మొత్తంలో ఒక్క దీవి మీదే గుడ్డు పెడుతుంది. ఒకటే గుడ్డు. ఆ పిల్ల ఎగరడం నేర్చాక కూడా ఏడాదికి పైగా తల్లి తెచ్చి పెడితేనే తింటుంది. కాబట్టి ఆ తల్లి రెండేళ్లకో పిల్లను పెంచితే గొప్ప. మనుషుల్లో ఇలాంటి సంసారాలు నాకు కొన్ని తెలుసు, కానీ అవి అంతరించిపోయే ప్రమాదంలో లేవు. ఈ పక్షి ఉంది.

ఇంకో విచిత్రం. ఇది బతికేదంతా సముద్రం మీదే, కానీ తడవకూడదు. బాతుకీ కొంగకీ ఉన్నట్టు దీని ఈకలకు నీళ్లు ఆపే గుణం లేదు. నీళ్ల మీద వాలితే నానిపోతుంది, మళ్లీ లేవలేదు. కాళ్లు చిటికెన వేలంత. చదును నేల మీద పెడితే రెక్కలు పరుచుకుని పడి ఉంటుంది. అందుకే ఇతర పక్షులు పట్టిన చేపల్ని గాల్లోనే లాక్కుని తింటుంది. ఇంత పెద్ద సముద్రాన్ని ఇల్లు చేసుకుని అందులో కాలు పెట్టకుండా బతికే ఏర్పాటు దీనికెవరు చేశారో తెలియదు. అడిగే అవకాశం ఎప్పుడూ రాలేదు.

కుర్రవాళ్లు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. రెండు జంతువులు ఒకేసారి వస్తే ఏది ముందు, ఊరంతా ఉన్నదా, అంతరించిపోతున్నదా? క్లాసులో దీనికి జవాబు తేలిక. ఆసుపత్రిలో ఆ ప్రశ్న అలా రాదు. ఎవరి చుట్టాలు గేటు దగ్గర ఉన్నారన్న రూపంలో వస్తుంది.

దుప్పి జబ్బు, పక్షి జబ్బు

తుఫాను మర్నాడు పొద్దున్నే దుప్పి వచ్చింది. కొమ్ములున్న మగది. దక్షిణం వైపు ఒక కాలనీలో నైలాన్ బట్టల తాడు కొమ్ములకు చుట్టుకుని, గేటుకు చిక్కుకుని రాత్రంతా గింజుకుంది. మా కేంద్రం వాళ్లు తాడు కోసి, కళ్లకు గంతలు కట్టి, వ్యానులో తెచ్చారు. వెనకే కాలనీ సంఘం కార్యదర్శి స్కూటరు మీద వచ్చాడు. పెద్దమనిషి, రిటైర్డ్ ఇంజనీరు. దుప్పులకు వేసవిలో తొట్లు పెట్టించేదీ, వీధి కుక్కలు రాకుండా కాపలా పెట్టించేదీ ఆయనే. ఈ దుప్పికి రాజా అని పేరు పెట్టింది కూడా ఆయనే.

గాయాలు చిన్నవే. కానీ దుప్పికి గాయం కంటే భయం ప్రమాదం. పట్టుబడి గింజుకున్న దుప్పికి ఆ గింజులాటలోనే కండరాలు దెబ్బతింటాయి, వాటిలోంచి విషం రక్తంలోకి దిగుతుంది. పైకి బాగానే ఉన్నట్టుంటుంది, లేచి నిలబడుతుంది, రెండో రోజో మూడో రోజో పడిపోతుంది. మందు కంటే ముందు దానికి కావలసింది చల్లటి చీకటి గది, చప్పుడు లేకపోవడం, మనిషి ముఖం కనబడకపోవడం. మనిషి ఎంత మంచివాడైనా సరే. దుప్పికి మనిషి మంచితనం వాసన పట్టే ముక్కు లేదు.

తుఫాను వల్ల కరెంటు లేదు. జనరేటరు మీద నడిచే గది ఒక్కటే. దుప్పిని అందులో పెట్టి తలుపు వేశాను. చెయ్యి కడుక్కునేలోపు ఊరికి ఉత్తరాన, ఆయిల్ రిఫైనరీలున్న మనలి నుంచి ఆటో వచ్చింది.

ఆటోలోంచి ఎస్తేరు అనే ఆవిడ దిగింది. అక్కడ ఒక కంపెనీ క్యాంటీనులో వంట పని చేస్తుంది. చేతుల్లో బట్టలుతికే పెద్ద టబ్బు, దాని మీద కప్పిన లుంగీ. లుంగీ ఒక పక్క నుంచి పొడవాటి గులాబీరంగు ముక్కు బయటికి వచ్చి, కొసన కొక్కెంలా వంగి ఉంది.

"నూనె పక్షి మేడమ్," అంది. "మా కాంపౌండు గోడ పక్కన పడుండె. మేమే తోమేసినాం."

"దేంతో?"

"గిన్నెలు తోమే సోపుతో. నూనె పిట్టల్ని అట్టానే గదా కడగాల? ముందొకసారి నూనె లీకైనప్పుడు మీవాళ్లే వచ్చి మా ఏరియాలో చేసి చూపించినారు."

లుంగీ తీశాను. ఆడ ఫ్రిగేట్ పక్షి. తల, వీపు నలుపు, కడుపు తెలుపు, ఆ తెలుపు చంకల దాకా. నేను పుస్తకంలో తప్ప ఎక్కడా చూడని ఆ ఒక్క దీవి జాతే. ఈకలన్నీ తడి గోనెలా ఒంటికి అంటుకుని, నురగ ఇంకా అక్కడక్కడా ఉంది.

"ఎంతసేపు తోమారు?"

"శానాసేపే మేడమ్. కడుపు కాడ తెల్లగా వచ్చేసినాది. ఈపు మాత్రం ఎంత తోమినా నలుపు పోలా. మా అన్న ఇంకో దఫా తోముదామన్నాడు. నేనే వద్దంటి. డాక్టరమ్మకి కూడా కొంచెం పని మిగలాల గదా అని."

"వీపు పుట్టుకతోనే నలుపమ్మా."

ఎస్తేరు పక్షి వైపు చూసింది. "మరి కడుపు?"

"అది పుట్టుకతోనే తెలుపు."

ఎస్తేరు లుంగీ కొసతో వీపు మీద మిగిలిన నురగ తుడిచింది. తర్వాత, "అయ్యో దేవా, ముందే చెప్పుండొచ్చు గదా," అంది. నాతో అందో పక్షితో అందో తెలియలేదు. పక్షి మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని కరిచింది.

ఇక్కడ ఒక మాట. ఎస్తేరును నేను ఏమీ అనలేదు, మీరూ అనకండి. నూనె అంటిన పక్షుల్ని కళ్లారా చూసిన మనలి మనిషి కాబట్టే ఆ పొరపాటు చేసింది. అడుగున తెలుపు, పైన నలుపు ఉన్న పక్షిని చూస్తే ఆ ప్రాంతంలో ఎవరికైనా తట్టేది అదే. అంతకు ముందు ఆ గోడ పక్కనే చాలామంది నడిచి వెళ్లి ఉంటారు, కొందరు వీడియో తీసి ఉంటారు. పొరపాటు చేసిందీ, ఆటో ఎక్కించి ఊరు దాటించి తెచ్చిందీ ఆమే. తెచ్చినవాళ్లను తిడితే రెండోసారి తేరు. నేను ఆమె వేలికి కట్టు కట్టి టీ ఇచ్చాను.

డైరెక్టరు గారి న్యాయం

మా డైరెక్టరు గారిది నెల్లూరు వైపు. చెడ్డవాడు కాదు. చెడ్డ పైఅధికారుల గురించి రాయడం తేలిక, మీకు దొరికేవాళ్లలో ఎక్కువమంది ఈయనలాంటివాళ్లే ఉంటారు కాబట్టి ఈయన గురించే రాస్తున్నాను. ఎవరినీ నొప్పించకూడదన్నది ఆయన సిద్ధాంతం. జంతువులు ఆ 'ఎవరినీ' లోకి వస్తాయా రావా అన్నది తేల్చుకోలేదు.

"గది దుప్పికే డాక్టర్," అన్నాడు. "కాలనీవాళ్లు చూడటానికి వస్తామంటున్నారు."

"గది దుప్పికే సార్. కానీ ఎవరూ చూడటానికి రాకూడదు. చూస్తే చస్తుంది."

"చూస్తే చచ్చేదేందమ్మా? వాళ్లు చూస్తా ఉంటేనే గదా ఇన్నేళ్లు బతికింది."

"అప్పుడు పారిపోయే దారి ఉంది సార్."

ఆయన టబ్బు వైపు తిరిగాడు. "ఇదేంది?"

"ప్రపంచంలో ఒకే ఒక్క దీవిలో గుడ్డు పెట్టే పక్షి సార్."

"అట్టయితే ఆ దీవివాళ్లకు ఫోను చెయ్యండి."

హాస్యమాడుతున్నాడేమోనని చూశాను. లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గది దుప్పికి ఇవ్వడం సరైన పనే. కారణమే తప్పు. దుప్పికి చీకటీ నిశ్శబ్దమూ కావాలి, ఆ గదిలో అవి ఉన్నాయి. పక్షికి వెలుతురు, వెచ్చదనం, ఆడే గాలి, కూర్చోవడానికి కొమ్మలాంటిది కావాలి. ఆ గదిలో అవి లేవు. అరుదైనది కదా అని పక్షిని అందులో పెట్టి ఉంటే రెండింటినీ చంపేవాళ్లం. అరుదైన జంతువుకు మనం మొదట చేసే ద్రోహం, దాన్ని ఉన్నవాటిలోకెల్లా మంచి గదిలో పెట్టడం. దాని రోగానికి కావలసింది ఇంకోటైనా సరే.

పక్షి కోలుకోవడానికి గంటలు కాదు, రోజులు పడతాయి. ముందు ఆ సబ్బు పోయేదాకా గోరువెచ్చటి మంచి నీళ్లతో మళ్లీ కడగాలి. తడిసి చస్తున్న పక్షిని తడపడమే వైద్యం, వినడానికి ఎలా ఉన్నా. తర్వాత ఆరాలి. ఆరాక తన ఈకలు తనే ముక్కుతో ఒక్కొక్కటీ దువ్వుకుని సర్దుకోవాలి. అప్పటికి ఎగరగలిగితే ఎగురుతుంది, లేకపోతే ఆ రెండేళ్లకో పిల్ల లెక్కలోంచి ఒక తల్లి పోయినట్టే. కడిగాను. ఆరబెట్టే చోటు లేదు. అప్పుడు మా పేటలో ఏకాంబరం మామ మిద్దె గుర్తొచ్చింది.

పావురాల మిద్దె

మాది వాషర్‌మెన్‌పేట్. మావాళ్లు నెల్లూరు సీమ నుంచి ఎప్పుడు వచ్చారో చెప్పగలిగినవాళ్లు కూడా ఇప్పుడు లేరు. మా సందులోనే ఏకాంబరం మామ ఇల్లు. జార్జి టౌన్‌లో జవుళి కొట్లో గుమాస్తాగా చేసి మానేశాడు. ఆయన అసలు పని పందెపు పావురాలు. మిద్దె మీద చెక్కా వల కలిపి కట్టిన పెద్ద గూడు, లోపల వరసగా కర్రలు, పైన రేకు, గాలి నాలుగు వైపులా. దానికో ఇన్వర్టరు కూడా. వీధిలో కరెంటు పోతే ఆ ఇంట్లో బల్బు పావురాలకు వెలుగుతుంది, ఆయన భార్య సరోజత్త విసనకర్ర తీసుకుంటుంది.

నేను టబ్బుతో మెట్లెక్కేసరికి మామ గింజలు చల్లుతున్నాడు. నాకు అరవై దగ్గర పడుతున్నా ఆయనకు నేను పాపనే.

"ఏంది పాపా ఇది, గద్దా?"

"కాదు మామా. సముద్రపు పిట్ట."

"మూతి చూస్తే గద్ద మాదిరే ఉండాది."

"మూతి చూసి లెక్క కట్టకూడదు మామా."

"నేనట్టా లెక్క కట్టకుండానే ఈయన్ని చేసుకుంటి," అంది సరోజత్త బట్టలు పిండుతూ. "నన్ను చూసైనా నేర్చుకోండి."

నేను సంగతి చెప్పాను. గూడు ఖాళీ చేసి ఇవ్వాలి, శుభ్రంగా కడగాలి, దాని జబ్బులు వీటికీ వీటి జబ్బులు దానికీ అంటకూడదు. మామ గింజల చేటను కింద పెట్టి, బాగా ఆలోచించి, "ఆడ ఎవురో కడిగితే ఈడ నా పావురాలు ఇల్లు ఖాళీ చెయ్యాల్నా?" అన్నాడు. అప్పుడే పక్షి ఒక రెక్క విప్పింది. సగం మనిషికి పైగా పొడుగున ఆ రెక్క మిద్దె మీద నీడ పరిచింది. గూట్లో పావురాలన్నీ ఒక్కసారి గోడకు కొట్టుకున్నాయి.

మామ ఆ రెక్క వైపే చూస్తూ నిలబడ్డాడు. పక్షులతో బతికిన మనిషి. రెక్క చూస్తే ఎంత దూరం పోగలదో మనసులో లెక్క వేసుకునే అలవాటు. ఈ లెక్క ఆయనకు తెగినట్టు లేదు.

"ఇది యాడ దాకా పోతాది?"

"ఒకసారి లేచిందంటే రోజుల తరబడి వాలదు మామా. గాల్లోనే నిద్రపోతుంది."

"సరోజా," అన్నాడు మామ, "పడకగది తలుపు తియ్యి. పావురాలు ఈ కొన్ని దినాలు ఆడ ఉంటాయి."

"నా మంచం మీదా?"

"కింద కూడా ఉంటాయి."

రూల్సు దీనికి ఒప్పుకుంటాయా అని నేను డైరెక్టరు గారిని అడగలేదు. పక్షి ఎక్కడుందని ఆయనా అడగలేదు. ఉద్యోగంలో మేమిద్దరం పూర్తిగా ఏకీభవించిన సందర్భాల్లో అదొకటి.

రోజూ డ్యూటీ అయ్యాక అక్కడికి వెళ్లేదాన్ని. మత్తి అనే చిన్న సముద్రపు చేపల్ని ముక్కు తెరిచి గొంతులోకి దింపేవాళ్లం. నేను తల పట్టుకుంటే మామ చేప పెట్టేవాడు. మొదటి చేపను అది మింగి, మామ ముఖంలోకి ఒకసారి చూసి, ఆయన చొక్కా మీద కక్కింది.

"ఈ పిట్టకి మంచీ చెడ్డా తెలుసు," అంది సరోజత్త. ఆ రోజు నుంచి చేపలు ఆమే శుభ్రం చేసి పెట్టింది.

చూడటానికి వచ్చినవాళ్లు

దుప్పి మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజు నేను వేరే కేసు మీద బయటికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర చెప్పులు. చెప్పులు అన్ని ఉన్నాయంటే పెళ్లో చావో. కాలనీవాళ్లు వచ్చారు. అరటిపళ్లు తెచ్చారు. డైరెక్టరు గారు 'ఒక్క నిమిషం' అని తలుపు తీశాడు. కార్యదర్శి "రాజా" అని పిలిచాడు. మిగతావాళ్లూ పిలిచారు. దుప్పి లేచి నిలబడింది, గోడకు గుద్దుకుంది, మళ్లీ నిలబడి వణికింది.

"గుర్తుపట్టిందండీ," అన్నాడు కార్యదర్శి నన్ను చూసి, కళ్లు తుడుచుకుంటూ.

నేను అందర్నీ బయటికి పంపి తలుపు వేశాను. వెయ్యగలిగిన సూదులన్నీ వేశాను. మర్నాడు పొద్దున దాని మూత్రం కాఫీ రంగులో ఉంది, కండరాల విషం దిగినట్టే. మధ్యాహ్నానికి పోయింది.

కార్యదర్శి మళ్లీ వచ్చాడు, ఈసారి ఒక్కడే. "మేమేం చేశామమ్మా? పేరు పెట్టి పిలిచాం, అంతే గదా," అన్నాడు. నిజం చెప్పాలా వద్దా అని నాకు సందేహం రాలేదు. చెప్పాను. ఆయన తొట్లలో నీళ్లు తాగే దుప్పులు ఇంకా చాలా ఉన్నాయి, ఆయనకు తెలియాలి. ఆయన విని, తలూపి, స్కూటరు స్టార్టు చెయ్యకుండానే కొంత దూరం నడిపించుకుంటూ వెళ్లాడు. కాలనీలో ఆ తర్వాత ఏ దుప్పి చిక్కుకున్నా మొదట జనాన్ని దూరం తోలేది ఆయనే అని విన్నాను.

డైరెక్టరు గారు నన్ను ఓదార్చబోయాడు. "దుప్పులకేం, ఊరినిండా ఉండాయి లెండి డాక్టర్."

ఈ వాక్యం మీరు మీ ఉద్యోగంలో చాలాసార్లు వింటారు. ఊరినిండా ఉండటం అన్నది ఆ జాతికి సంబంధించిన సంగతి. ఆ గదిలో పడి ఉన్న దుప్పికి దానివల్ల ఏమీ ఒరగలేదు. ఎక్కువ ఉన్నవి తేలిగ్గా చస్తాయనీ, తక్కువ ఉన్నవి ఎక్కువ నొప్పి పడతాయనీ నా అనుభవంలో ఎక్కడా కనబడలేదు. తేడా మనకే. మొదటి రకంలో ఒకటి పోతే మనకు ఇంకోటి ఉంటుంది, రెండో రకంలో పోతే ఉండదు. నేను ఈ మాటలన్నీ అప్పుడు అనలేదు. "మీరు తలుపు తీశారు సార్," అన్నాను.

ఆయన సాయంత్రం నా బల్ల మీద ఒక కొత్త తాళం, తాళంచెవి పెట్టి వెళ్లిపోయాడు. ఒకటే తాళంచెవి. దాని గురించి ఆయన గానీ నేను గానీ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన నుంచి నేను చూసిన క్షమాపణ అదొక్కటే, అది గట్టిదే.

గాలి

ఇక మిగిలింది పక్షి. ఈకలు ఆరాయి. రోజంతా దువ్వుకునేది, పెళ్లికి పోబోయే మనిషిలా. కర్ర మీద నిలబడి రెక్కలు ఆడించేది. ఎంత గట్టిగా ఆడించినా, ఎగరగలదా లేదా అన్నది ఎగిరితేనే తెలుస్తుంది. ఎక్కువ రోజులు ఉంచితే కండ తగ్గుతుంది, తొందరపడితే కిందపడి రెక్క విరుగుతుంది. రెక్క విరిగిన ఫ్రిగేట్ పక్షికి ఈ లోకంలో చోటు లేదు.

డైరెక్టరు గారు బీచ్‌లో వదులుదామన్నాడు. స్కూలు పిల్లలు, కెమెరాలు.

"చదును ఇసక మీద నుంచి అది లేవలేదు సార్. పిల్లల ముందు పడి ఉంటుంది."

ఆయన ఒకసారి ఆ తాళం వేసిన గది వైపు చూశాడు. "మీరు యాడ వదలాలనుకుంటే ఆడ వదలండి. నేను రాను."

"రండి సార్. మాట్లాడకుండా నిలబడితే చాలు."

"అది నా వల్ల అయ్యేది కాదు," అన్నాడు. ఆయన తన గురించి చెప్పిన నిజాల్లో అదొకటి.

ఎత్తు కావాలి, ఎదురు గాలి కావాలి. మామ మిద్దె పిట్టగోడ తూర్పు వైపు ఉంది, హార్బరు వైపు. కానీ ఆ సందు మీద ఎన్ని తీగలున్నాయో చూస్తే దేవుడు కూడా కిందికి దిగడానికి సంకోచిస్తాడు. కేబుల్ టీవీ తీగలు, కరెంటు తీగలు, తెగిన గాలిపటాల దారాలు, ఎదురింటి వాటర్ ట్యాంకు. కింద తోపుడు బండ్లు, ఆటోలు.

మొదటి రోజు మధ్యాహ్నం పిట్టగోడ మీద కూర్చోబెట్టాం. కూర్చుంది. చీకటి పడేదాకా కూర్చుంది. మళ్లీ గూట్లో పెట్టాం. రెండో రోజూ అంతే.

"దీనికి మా ఇల్లు నచ్చినట్టుండాది," అంది సరోజత్త. పిట్ట మిద్దె ఎక్కినప్పటి నుంచి ఆమె వంటింట్లో పడుకుంటోంది.

మూడో రోజు మధ్యాహ్నం సముద్రం గాలి లేచింది. సరోజత్త పరిగెత్తుకుని వచ్చి దండెం మీద బట్టలు తీసేసింది, దండెం కూడా విప్పేసింది. మామ పక్షిని ఎత్తి పిట్టగోడ మీద పెట్టాడు. పక్షి గాలి వైపు ముఖం తిప్పింది. రెండు రెక్కలూ విప్పింది. మామ కళ్లద్దాలు ఎగిరి మూల పడ్డాయి. ఒక్క క్షణం అలాగే ఉంది, ఆరేసిన నల్ల గొడుగులా.

తర్వాత గోడ అవతలికి జారి పడిపోయింది.

కిందికి, సందులోకి. కింద ఎవరో అరిచారు. ఆటో ఒకటి బ్రేకు వేసింది. మామ కళ్లు మూసుకున్నాడు. సరోజత్త తడి బట్టలు గుండెకు అదుముకుని, "ఏమైంది, ఏమైంది" అంటూనే ఉంది. నేను గోడ దగ్గరికి వెళ్లి తొంగి చూడాలి. వెళ్లలేదు. ఇన్నేళ్లు ఇదే పని చేసినా, చూడవలసిన చోట చూడటం ప్రతిసారీ మొదటిసారిలాగే ఉంటుంది. ఇది మీకు ఎవరూ చెప్పరు.

ఎదురింటి ట్యాంకు వెనక నుంచి ఒక నల్లటి గీత పైకి లేచింది. తీగల మధ్య ఎలా దూరిందో మాకెవరికీ తెలియదు. రెక్క కొట్టడం లేదు, గాలి మీద ఆనుకుని పైకి పోతోంది అంతే. గుడి గోపురం ఎత్తుకు, సెల్ టవర్ ఎత్తుకు, దానికీ పైకి. మా వైపు తిరిగి చూడలేదు. హార్బరు క్రేన్ల మీదుగా తూర్పుకు వంగింది.

"మామా, కళ్లు తెరువు. పోయింది."

మామ కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. పోయింది అన్న మాటకు రెండర్థాలున్నాయని అప్పుడు గుర్తొచ్చి, చెయ్యి పట్టుకుని ఆకాశం వైపు తిప్పాను. కళ్లద్దాలు వెతికి ఇచ్చాను. ఒక అద్దం పగిలింది.

చాలాసేపు చూశాడు. పావురాలు వదిలినప్పుడు ఎలా చూస్తాడో అలాగే, ఒక చెయ్యి నొసటికి అడ్డం పెట్టి.

"ఎప్పటికి వస్తాది?" అన్నాడు.

"రాదు మామా."

"రాదా?"

"రాకూడదు. వచ్చిందంటే దానికి బాగాలేదని."

ఆయనకు ఈ మాట అంతుపట్టలేదు. ఆయన పక్షుల్లో తిరిగి రానివి రెండే రకాలు. గద్ద పట్టుకున్నది, ఇంకొకడు పట్టుకున్నది. మంచిగా ఉండి రాకపోవడం అన్నది ఆయన విద్యలో లేదు. ఆ పక్షి దీవికి చేరిందో లేదో నాకూ తెలియదు, ఎప్పటికీ తెలియదు. మా పనిలో బాగా జరిగిన కేసులన్నీ ఇలాగే ముగుస్తాయి, ఖాళీ ఆకాశంతో. చచ్చినవాటి సంగతి మాత్రమే మనకు పూర్తిగా తెలుస్తుంది.

సరోజత్త కిందికి దిగి పడకగది తలుపు తీసింది. పావురాలు మెట్ల మీదుగా పైకి వచ్చి గూటి ముందు నిలబడ్డాయి, ఆ వాసనకు లోపలికి పోవాలా వద్దా అన్నట్టు. మామ వాటి వైపు తిరగలేదు.

"రండి, కాఫీ చల్లారతా ఉండాది," అని కింది నుంచి కేక.

"ఉండవే," అన్నాడు మామ, తూర్పు వైపే చూస్తూ. "ఇంకా కనబడతా ఉండాది. ఆ మబ్బు కింద. కదా పాపా?"

ఆయన రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి. నా కళ్లు బాగానే ఉన్నాయి, అక్కడ మబ్బు తప్ప ఏమీ లేదు.

"అవును మామా," అన్నాను.